రెండో ఆమేన్

నేను స్టాఫ్ నర్సుని. మగవాళ్ల జనరల్ వార్డులో పని. పోయిన నెల ఒక మధ్యాహ్నం, భోజనాల ట్రాలీ వెళ్లిన కాసేపటికి, పన్నెండో నంబరు మంచం దగ్గర నుంచి ఆ నవ్వు వినిపించింది. అక్కడున్న మనుషులు నవ్విన నవ్వు కాదది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో నవ్వితే పట్టి దాచి, ఆ తర్వాత ప్రతి ఎపిసోడ్‌కీ అతికించిన నవ్వు. ముందు ఇద్దరు ముగ్గురు నవ్వుతారు, వెంటనే అందరూ అందుకుంటారు, చివర్లో ఒక ఆడగొంతు విడిగా కీచుమంటుంది. ఆ కీచుగొంతు మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే ఏమనాలో నా దగ్గర ఇరవై ఏళ్లుగా సిద్ధంగా ఉంది.

రోగి అల్లుడు ఫోను మామగారి మొహం దగ్గర పెట్టి చూపిస్తున్నాడు. సౌండ్ తగ్గించమన్నాను.

"కామెడీ అండీ సిస్టర్ గారూ. పాత సీరియల్ లేండి. టీచరమ్మ ప్రార్థన బిట్టు. మీరూ చూడండి, నవ్వితే సగం రోగం తగ్గుద్దంట కదా."

"సగం తగ్గితే ఇంటికి తీసుకెళ్లండి. మంచం ఖాళీ అవుద్ది" అన్నాను.

అతను బిత్తరపోయి ఫోను జేబులో పెట్టుకున్నాడు. మామగారు నావైపు భయంగా చూశాడు. నాకు ఇద్దరిమీదా జాలి కలగలేదు. ఆ ఫోన్లో తెల్లచీర కట్టుకుని, నెత్తిన కొంగు వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నది మా అమ్మ. వేషం కట్టింది ఎవరో నటి. ఆవిడతో నాకు పనిలేదు. రాసింది మాత్రం మా అమ్మ తోడబుట్టిన తమ్ముడు, నా సొంత మేనమామ.

ఆ సీరియల్ చూడనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి చెబుతాను. ఒక ఇల్లు, నాలుగు పోర్షన్లు. ఇంటి ఓనరు ప్రతివారం ఇల్లు ఖాళీ చేయించడానికి కోపంగా వస్తాడు, కాఫీ తాగి, వచ్చిన పని మర్చిపోయి వెళ్లిపోతాడు. కింది పోర్షన్ అల్లుడి స్కూటర్ ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు. అతను విసిగిపోయి నడుచుకుంటూ సందు చివరికి చేరేసరికి దానంతటదే స్టార్ట్ అవుతుంది. ఎపిసోడ్ కథ ఏదైనా ఒకటే. ఎవరో ఎవరినో అనుమానిస్తారు. నోరు తెరిచి ఒక్క ముక్క అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి. అడగరు. అడిగితే సీరియల్ ఉండదు. అరగంట పాటు తలుపుల చాటున నిలబడతారు, మంచాల కింద దూరతారు, చివర్లో అందరూ ఒకచోట చేరి నాలుక కరుచుకుంటారు.

మేడమీద పోర్షన్‌లో టీచరమ్మ. ఆ ఇంట్లో, ఆ మాటకొస్తే ఆ సీరియల్ మొత్తంలో, క్రైస్తవ కుటుంబం ఆవిడదొక్కటే. ఆవిడ పని ఒక్కటే, అన్నం ముందు ప్రార్థన చెయ్యడం. ప్రార్థన సాగుతూనే ఉంటుంది. మొగుడు ఒక కన్ను తెరుస్తాడు. పిల్లలు రెండు కళ్లూ తెరుస్తారు. ఒక్కొక్కళ్లూ చప్పుడు కాకుండా తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్లీ కళ్లు మూసుకుని కూర్చుంటారు. టీచరమ్మ ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి గిన్నెలు ఖాళీ. ఆవిడ పైకి చూసి "ప్రభువా, ఇదేనా నీ చిత్తం?" అంటుంది. నవ్వు. కీచుగొంతు.

ప్రతివారం ఇంతే. మార్చిందల్లా తినేవాళ్లని. ఒకవారం పిల్లి తింది. ఒకవారం కాఫీకి వచ్చిన ఓనరు తిన్నాడు. ఒకవారం దొంగ వచ్చాడు. బీరువా వదిలేసి అన్నం ముందు కూర్చుని, కడుపునిండా తిని, అందరితోపాటు తనూ ఆమేన్ అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ దొంగ ఎపిసోడ్ బాగా తీశారు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఒళ్లు మండుతుంది, కానీ బాగానే తీశారు.

అసలు సంగతి ఇది. అమ్మది పామర్రు దగ్గర పల్లె. అమ్మమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లే మనిషి. పనుల్లేని రోజుల్లో పేటలో ఏ పొయ్యి వెలిగిందో, ఏ పొయ్యి వెలగలేదో ఆమెకి తెలుసు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. అన్నం ముందు, ఆ పూట తిననివాళ్లని ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి తలుచుకోవాలి, వాళ్లకీ పెట్టమని అడగాలి, ఆ తర్వాతే ముద్ద నోట్లో పెట్టాలి. అందరినీ కలిపి ఒక్కమాటలో దీవించమంటే దేవుడు వింటాడేమోగానీ మనకి ఎవరూ గుర్తుండరని అమ్మమ్మ అనేదట.

అమ్మ చదువుకుంది, టీచరైంది, బస్సు డిపోలో మెకానిక్కుని పెళ్లి చేసుకుని పటమటలో కాపురం పెట్టింది. పద్ధతి మాత్రం వదల్లేదు. పైగా జాబితా పెరిగింది. కంటి ఆపరేషన్ అయిన ఎదురింటి ముసలావిడ, ఆరో తరగతిలో బడి మానేసిన పిల్ల, డిపోలో డబుల్ డ్యూటీ చేస్తున్నవాళ్లు, పామర్రులో మంచాన పడ్డ చిన్నమ్మ, ఆ చిన్నమ్మని చూసుకునే కోడలు. అందరూ అయ్యాక చివర తమ్ముడు. "నా తమ్ముడికి ఒక దారి చూపించు తండ్రీ." అప్పటికి మావయ్య నాటికలు రాసుకుంటూ, అవకాశాల కోసం హైదరాబాద్‌కీ భవానీపురంలోని తన ఇంటికీ మధ్య తిరుగుతున్నాడు. నాన్న అమ్మని ఏనాడూ తొందరపెట్టలేదు. పులుసు గిన్నె మీద మూతపెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ మూత ఎంత వేడిగా ఉందో దాన్నిబట్టి జాబితా ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలనని నవ్వేవాడు.

అంతటితో అయిపోయేది కాదు. ఆమేన్ అన్నాక, అన్నం కలిపి ముద్ద చేతిలోకి తీసుకున్నాక, అమ్మకి ఎవరో గుర్తొచ్చేవాళ్లు. "అయ్యో, ఫలానా ఆవిణ్ని మర్చిపోయాను" అని ముద్ద కంచంలో పెట్టేసి మళ్లీ కళ్లు మూసుకునేది. మా నోట్లో అప్పటికే ముద్ద ఉండేది. నమలకూడదు, మింగకూడదు, ఉమ్మకూడదు. బుగ్గలు ఉబ్బించుకుని రెండో ఆమేన్ కోసం కూర్చునేవాళ్లం. వారంలో నాలుగు రోజులు ఇదే.

ఇంకొకటి చెప్పాలి. మా ఇళ్లలో భోజనానికి చుట్టం ఉంటే ప్రార్థన చుట్టానికే ఇస్తారు. "మీరు ప్రార్థన చెయ్యండి" అనడం మర్యాద. మావయ్య ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు, అమ్మ ఆయనకే ఇచ్చేది. ఆయన ఆకలిమీద రెండు ముక్కల్లో ముగించేవాడు.

ఆయనకి టీవీలో అవకాశం వచ్చిందని తెలిసినరోజు అమ్మ ఆనందంతో ఏడ్చింది. ఇన్నేళ్ల ప్రార్థనకి జవాబు వచ్చింది కదా. మొదటి ఎపిసోడ్‌కి వీధిలో నాలుగిళ్లవాళ్లని పిలిచింది. పకోడీలు వేసింది. పేర్లు పడేటప్పుడు "మా తమ్ముడు, మా తమ్ముడు" అని చూపించింది. తెరమీద ఉన్నది ఆయన అసలు పేరు కూడా కాదు, ఏదో కలం పేరు.

టీచరమ్మ వచ్చింది. తెల్లచీర, కొంగు, కళ్లు మూసుకోవడం. మా గదిలో అందరూ నవ్వారు. తర్వాత ఒకళ్ల తర్వాత ఒకళ్లు అమ్మ వంక చూసి ఆపేశారు. టీవీ మాత్రం నవ్వుతూనే ఉంది. అమ్మ పకోడీల పళ్లెం ముందుకు జరిపి "బాగానే రాశాడు, తీసుకోండి" అంది.

ఆ పూట భోజనాల దగ్గర అమ్మ కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించండి, ఆమేన్" అంది. నాన్న మూతమీద చెయ్యి పెట్టేలోగా అయిపోయింది. నేను అలవాటుగా ముద్ద నోట్లో పెట్టుకున్నాను, నాలుక కాలింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నం వేడివేడిగా తింటున్నాం. అంతకంటే దరిద్రమైన భోజనం నేను ఎక్కడా తినలేదు.

బడిలో పిల్లలు బోర్డుమీద రాసేవాళ్లు, "ఇదేనా నీ చిత్తం?" అని. వాళ్లని క్షమిస్తాను, పిల్లలు. స్త్రీల కూడికలో అమ్మని ప్రార్థన చెయ్యమన్నప్పుడు వెనక వరుసలో కిసుక్కుమని నవ్విన ఆడవాళ్లని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. వాళ్లలో సగంమంది కష్టాలు పేరుపేరునా అమ్మ జాబితాలో ఉండేవి. అమ్మ పక్కావిడ చెయ్యి తట్టి "మీరు కానివ్వండి" అని కూర్చుంది. ఆ తర్వాత ఎక్కడా పైకి ప్రార్థన చెయ్యలేదు. నాన్న పోయినప్పుడు ఆదరణ కూడికలో పాస్టరు గారు ఆవిడవైపు తిరిగి "అమ్మగారూ" అన్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ గొంతుతో ఆ జాబితా ఇంకొక్కసారి వినాలన్నదే ఇన్నేళ్లూ నాకున్న కోరిక. మావయ్య మీద నా కోపమంతా అక్కడే ఉంది.

వార్డులో గొడవ జరిగిన తర్వాతి శనివారం మావయ్య పటమట వచ్చాడు. ముసలాడయ్యాడు, గొంతు మాత్రం తగ్గలేదు. చేతిలో ఫోను, సంచిలో మూడుకాళ్ల స్టాండు. పాత సీరియల్‌ని ఫోన్లలో చూసేందుకు మళ్లీ తీస్తున్నారట. దానికి ముందు ఒక చిన్న వీడియో కావాలట. అసలు టీచరమ్మ ఎవరో జనానికి చూపిస్తాడట.

"అక్కా, నువ్వేం నటించక్కర్లేదు. కంచం ముందు కూర్చుని ఎప్పట్లాగా ప్రార్థన చేసుకో, చాలు. జనం నిన్నెంత ప్రేమిస్తున్నారో నీకు తెలీదు."

అమ్మ వంటింట్లో చేపల పులుసు దించుతోంది. ఆయన బల్ల ముందు నిలబెట్టిన స్టాండుని నేను మడిచి ఫ్రిజ్ మీద పెట్టాను.

"ప్రేమంటే వెనక వరుసలో నవ్వడమా మావయ్యా?"

"నువ్వు మధ్యలోకి రామాక. ఇది అక్కాతమ్ముళ్ల మధ్య సంగతి."

"రాసే ముందు ఒక్కమాట అడిగావా? నీకు దారి దొరకాలని రోజూ కళ్లు మూసుకున్న మనిషి. దారి దొరకగానే ఆ మనిషినే అమ్ముకున్నావు. క్రైస్తవులం మనమే కదా, మనల్ని మనమే ఎక్కిరించుకుంటే మిగతావాళ్లు నవ్వరా? నీకు సిగ్గెయ్యలేదా?"

"అమ్మాయ్, నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకోను. దొంగతనం చేశావు. అక్క ప్రార్థన ఎత్తుకెళ్లి అమ్ముకున్నావు."

మావయ్య మొహం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచాడు.

"దొంగతనమా? ఎవరే దొంగ? భవానీపురంలో మా ఇంట్లో తువ్వాలు నెత్తిన వేసుకుని, మీ అమ్మ ప్రార్థన చేసి చూపించిందెవరు? ఆ రెండో ఆమేన్ నాకు చెప్పిందెవరు? బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుని చూపించిందెవరు? మళ్లీ చెయ్యమంటే మళ్లీ మళ్లీ చేసిందెవరు? నేను కాయితం మీద పెట్టానంతే. కామెడీ చేసింది నువ్వు!"

ఇంతవరకూ ఈ సంగతి రాయలేదు. రాయకుండా తప్పించుకోవచ్చనే అనుకున్నాను. ఆయన చెప్పింది నిజం. అప్పుడు నాకు పదమూడేళ్లు. వేసవి సెలవులకి వాళ్లింటికి వెళ్లాను. మొదటిసారి సరదాకి చేశాను. మావయ్య కడుపు పట్టుకుని నవ్వాడు, నవ్వి నవ్వి మంచం మీద వాలిపోయాడు. ఒక పెద్దమనిషిని అంతలా నవ్వించగలనని నాకు అంతకుముందు తెలీదు. పక్కింటివాళ్లని పిలిచి మళ్లీ చేయించాడు. నేను రోజుకొక కొత్త మెరుగు పెట్టాను. "తండ్రీ" అన్న మాటని సాగదియ్యడం, మధ్యలో కొంగు సర్దుకోవడం, ఎదురింటి ముసలావిడ కన్ను దగ్గర గొంతు వణికించడం. అవన్నీ ఆ తర్వాత ఆ నటి చేసింది. పిల్లల్లో ఒకరి బుగ్గలు ఉబ్బి ఉన్నప్పుడు పడే నవ్వు కూడా నా సంపాదనే. ఇరవై ఏళ్లు ఆయన్ని తిట్టుకుంటూ గడిపాను. ఆయన నోరు విప్పితే నా గతేంటన్న భయం ఆ తిట్ల కిందే ఉంది.

వంటింటి గుమ్మంలో అమ్మ పులుసు గిన్నెతో నిలబడి ఉంది. అంతా విన్నది.

"నాకు తెలుసులేరా" అంది తమ్ముడితో. "ఇంటికొస్తే ప్రార్థన నీకే ఇచ్చేదాన్ని. నాది నువ్వెప్పుడు విన్నావు? మీ బావ చెప్పే మనిషి కాదు. ఇంక మిగిలిందెవరు?"

"ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"మొదటిరోజే. ఆ ఎదురింటావిడ కన్ను దగ్గర."

"మరి నన్ను ఒక్కమాట కూడా అనలేదేం?"

"చిన్నపిల్లవి. నవ్వించావు. ఏమంటాను?" గిన్నె బల్లమీద పెట్టింది. "కంచాలు పెట్టు. అన్నం చల్లారుద్ది."

ఆ క్షణాన నాకు అమ్మమీద కూడా కోపం వచ్చింది. ఆ రోజే చెంప పగలగొట్టి ఉంటే నేను ఏడ్చేదాన్ని, అది అక్కడితో పోయేది. ఒక్క ముక్క అడిగితే తేలిపోయే సంగతిని ముగ్గురం ఇరవై ఏళ్లు తలుపుల చాటున నిలబడి నడిపాం. మావయ్య రాసిన సీరియల్ కూడా అంతకాలం నడవలేదు.

ముగ్గురం కూర్చున్నాం. మావయ్య అలవాటుగా గొంతు సవరించుకున్నాడు. చుట్టం కదా.

"నువ్వు కాదురా. అది చేస్తుంది" అంది అమ్మ.

వద్దనలేకపోయాను. కళ్లు మూసుకున్నాను. ఒక్క ముక్కలో ముగించాలనుకున్నాను. నోరు తెరిస్తే బయటికి వచ్చింది "తండ్రీ" అన్న ఆ సాగదీతే, భవానీపురంలో తువ్వాలు కింద నేను చేసినదే. మార్చబోయాను. నాకు వచ్చిన ప్రార్థన అదొక్కటే. ఎక్కిరించడానికి కంఠతా పట్టాను కాబట్టి అదొక్కటే నాకు పూర్తిగా వచ్చు. ఇక ఆగలేదు. ఎదురింటి ముసలావిడ పోయి చాలాకాలమైంది, ఆవిడ కన్ను కోసం అడిగాను. బడి మానేసిన పిల్లకి ఇప్పుడు హైస్కూలుకి వెళ్లే పిల్లలున్నారు, ఆ పిల్ల మళ్లీ బడికి రావాలని అడిగాను. డిపోలో డబుల్ డ్యూటీ చేస్తున్నవాళ్లు అన్నప్పుడు నాన్న మూతమీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చి గొంతు నిజంగానే వణికింది. పామర్రు చిన్నమ్మ. ఆవిడ కోడలు. వరస తప్పలేదు. ఎవరూ నవ్వలేదు.

చివరికి తమ్ముడి దగ్గరికి వచ్చాను. మాట నాలుకమీద ఉంది. ఎదురుగా ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆమేన్ అనేశాను.

కళ్లు తెరిచేసరికి మావయ్య అప్పటికే ఇంత ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అమ్మ అన్నం కలిపింది, ముద్ద చేతిలోకి తీసుకుంది, ఆగింది, కంచంలో పెట్టేసింది.

"అయ్యో, వీణ్ణి మర్చిపోయావే."

"మర్చిపోలేదు" అన్నాను.

"సరే" అంది అమ్మ. కొంగు నెత్తిమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. "తండ్రీ" అని పైకే మొదలుపెట్టింది. ఏ సాగదీతా లేదు. నేను చేసినట్టు ఆమె ఏనాడూ చెయ్యలేదని ఇన్నేళ్లకి తెలిసింది.

నేను కళ్లు మూసుకోలేదు, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నమలలేడు, మింగలేడు, ఉమ్మలేడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకుందామంటే చేతికి పులుసు. స్టాండు ఫ్రిజ్ మీదే ఉంది. అమ్మ తమ్ముడితో మొదలుపెట్టి, ఇరవై ఏళ్లుగా మిగిలిపోయిన వాళ్లందరినీ ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి తలుచుకుంటోంది. ఆమెకి తొందరేమీ లేదు. నేను చెయ్యి చాచి పులుసు గిన్నెమీద మూతపెట్టాను.